మా కోడలు తీసింది, నేను సూసిన

పోయిన నెలలో ఒక మంగళవారం, బడిలో నాలుగో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుండగా వేములవాడ నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. పొద్దున చాయ్ తాగి గోడకు ఆనుకొని కూర్చున్న అత్తమ్మ మళ్లీ లేవలేదట. కూతురి దగ్గర పదిరోజులుండి వస్తానని పోయిన మనిషి. ఫోన్ పెట్టేసి, బోర్డు మీద సగంలో ఉన్న లెక్కను పూర్తి చేశాను. ఎందుకు చేశానో ఇప్పటికీ తెలియదు. తర్వాత హెడ్మాస్టరు గారికి చెప్పి బయల్దేరాను.

నేను పక్షుల ఫోటోలు తీస్తానని మీలో కొందరికి తెలుసు. పదిహేనేళ్లుగా తీస్తున్నాను. ఆ పదిహేనేళ్లలో దాదాపు ప్రతి ఆదివారం స్కూటీ మీద నా వెనక కూర్చున్నది అత్తమ్మే. ఆ సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు.

మా ఆయన దుబాయిలో పనిచేస్తాడు. ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు, పిల్లల పుట్టినరోజులకు పనికొస్తుందని కెమెరా తెచ్చాడు. ఆయన తిరిగి వెళ్లాక, ఖానాపూర్‌లో మా ఇంటి వెనక కరెంటు తీగ మీద వాలిన పాలపిట్టను తీశాను. రెక్క విప్పినప్పటి ఆ నీలం ఫోటోలో సరిగా రాలేదు. సరిగా రావాలన్న పట్టుదలతో మొదలైందంతా. తీగ మీది పిట్ట నుంచి పొలాలకు, అక్కడి నుంచి అడవి అంచున ఉన్న కుంటకు చేరాను.

రెండు నెలలు ఒక్కదాన్నే పోయాను. ఒకరోజు మా బావ, అంటే మా ఆయన అన్న, ఇంటికి వచ్చాడు. ఆడమనిషి ఒక్కతే అడవి పొంట తిరుగుతోందని నలుగురూ అనుకుంటున్నారని, తమ్ముడు లేని ఇంట్లో ఇదేం పద్ధతని అత్తమ్మను అడిగాడు. ఆమె చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. తల ఎత్తకుండా ఇంకో ఆకు కత్తిరించింది. నేను లోపలికి పోయి కెమెరాను బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ వారమంతా దాని మాట ఎత్తలేదు.

ఆదివారం తెల్లవారగానే అత్తమ్మ తునికాకు, తంబాకు, దారం, కత్తెర చాటలో సర్ది పైన గుడ్డ కట్టింది. స్కూటీ దగ్గర నిలబడి నన్ను పిలిచింది.

"కెమెరా తీస్కో. నేనొస్త. బీడీలు ఆడ కూసున్నా సుట్టచ్చు."

బావ మళ్లీ వచ్చి అడిగితే ఆమె చెప్పిన సమాధానం ఒక్కటే. "ఒక్కతె పోతుందంటివి గద కొడుకా. గిప్పుడు ఇద్దరం పోతున్నం." ఆ తర్వాత ఆయన ఆ ముచ్చట తేలేదు. బీరువాకు నేను మళ్లీ తాళం వేయలేదు.

మొదట్లో ఆమె నాకు కాపలాగా వచ్చిందనే అనుకున్నాను. కానీ కుంట దగ్గర నాకంటే ఆమెకే పిట్టలు త్వరగా అలవాటయ్యాయి. ముప్పై ఏళ్లు బీడీలు చుట్టిన ఒళ్లు. కూర్చుంటే నడుము కదలదు, మెడ కదలదు, వేళ్లు మాత్రమే ఆడుతుంటాయి. నేనేమో దోమ కుడితే ఒకసారి, దాహమైతే ఒకసారి కదిలేదాన్ని. నా వైపు గట్టు ఖాళీగా ఉండేది. ఆమె కాళ్లకు నాలుగు మూరల దూరంలో పిట్టలు పురుగులు ఏరుకునేవి.

"పిట్టను సూడకు బిడ్డా," అంది ఒకరోజు. "పిట్ట ఎటు సూస్తుందో గటు సూడు."

ఎగరబోయే ముందు పిట్ట తను పోయే వైపు చూస్తుందని అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. నా మంచి ఫోటోలన్నీ ఆ తర్వాతివే. నేను పుస్తకాల్లో చూసి పేర్లు రాసుకునేదాన్ని. ఆమె వాటి పనిని బట్టి పిలిచేది: తోకాడిచ్చేది, బురద తొక్కేది, నీళ్లల్ల మునిగేది. నా నోటుబుక్కులో రెండు పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి.

ఒక ఎండాకాలం కుంట పక్క గులకరాళ్లలో తీతువు గూడు దొరికింది. గూడంటే ఏమీ ఉండదు, రాళ్ల రంగులోనే నాలుగు గుడ్లు. పిట్ట వచ్చి గుడ్ల మీద కూర్చునేటప్పుడు దగ్గరి నుంచి తీయాలని నాకు ఆశ పుట్టింది. అక్కడే బోర్లా పడుకున్నాను. అది నా తల మీద తిరుగుతూ అరుస్తోంది. లెమ్మని అత్తమ్మ రెండుసార్లు అంది. ఐదు నిమిషాలన్నాను. అలా అరగంట గడిచింది. అప్పుడామె చాట పక్కన పెట్టి వచ్చి, తన నీడ గుడ్ల మీద పడేలా నిలబడింది.

"గుడ్లు ఉడుకుతున్నై. గా తల్లి నిన్ను తిడుతుంది, ఇనస్తలేదా?"

లేచాను. సిగ్గు వేసింది గానీ, అంతకంటే కోపం ఎక్కువ వచ్చింది. కెమెరా సంచిలో పెట్టి స్కూటీ స్టార్ట్ చేశాను. మరుసటి ఆదివారం ఆమే పిలిచింది. ఈసారి చాలా దూరంగా, ఒక మోదుగు చెట్టు కింద కూర్చోబెట్టింది. మధ్యాహ్నానికి తీతువు కుంటలోకి దిగి నీళ్లలో పొట్ట ఆనించింది. స్నానం చేస్తోందనుకొని నేను కెమెరా దించాను.

"తానం గాదది," అంది అత్తమ్మ మెల్లగా. "పొట్ట తడుపుకొని పోతుంది సూడు, గుడ్లకు సల్లగుండాలె అని."

నిజమే. అది నీళ్లు కారుతున్న పొట్టతో నడిచి వెళ్లి గుడ్ల మీద కూర్చుంది. అప్పుడు తీసిన ఫోటోలో పిట్ట చిన్నగా ఉంటుంది, చుట్టూ అంతా రాళ్లే. నేను తీసినవాటిలో నలుగురూ గుర్తుపెట్టుకున్నది అదొక్కటే. నాలుగు గుడ్లలో మూడు పిల్లలయ్యాయి. నాలుగోది ఎందుకు కాలేదో తెలియదు. నా అరగంట వల్లే కావచ్చు. అత్తమ్మ ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు.

నిర్మల్‌లో ఆ ఫోటోను ప్రదర్శనకు పెట్టినప్పుడు ఆమె రోజంతా దాని పక్కనే నిలబడింది. వచ్చినవాళ్లందరికీ తడిసిన పొట్టను వేలు పెట్టి చూపించింది. ఇది ఎవరు తీశారమ్మా అని ఒకాయన అడిగాడు.

"మా కోడలు తీసింది, నేను సూసిన."

ఇంతకంటే సరైన పరిచయం నాకెవరూ ఇవ్వలేదు.

పోయిన చలికాలం నాటికి ఆమె మోకాళ్లు పూర్తిగా పట్టేశాయి, ఒక కన్నుకు మసక వచ్చింది. స్కూటీ ఎక్కలేకపోతే ఆటో మాట్లాడి కడెం ప్రాజెక్టు నీళ్ల దగ్గరికి తీసుకుపోయాను. ఎక్కడి నుంచో వచ్చిన బాతులు, తల మీద రెండు నల్లచారలవి, ఒడ్డుకు దూరంగా గుంపుగా ఉన్నాయి. ఆమెకు అవి కనబడటం లేదు. కాసేపు అటే చూసి చెయ్యి చాపింది. కెమెరాను ఆమె అడగడం అదే మొదటిసారి. బరువుకు కెమెరా కిందికి జారుతుంటే లెన్సు కింద నా అరచేయి పెట్టి పట్టుకున్నాను. ఆమె మంచి కన్ను ఆనించింది. ఇక కదల్లేదు.

కాసేపటికి గుంపు మొత్తం ఒక్కసారే లేచి, మా తలల మీదుగా అరుచుకుంటూ కొండల వైపు పోయింది. అయిపోయిందనుకొని కెమెరా అందుకోబోయాను. ఆమె ఇవ్వలేదు.

"జర ఆగు. నీళ్లు ఇంకా ఊగుతున్నై."

నేను చెయ్యి తీయలేదు. బాతులు లేని ఆ నీళ్లను అత్తమ్మ ఇంకా చూస్తూనే ఉంది.