సంతకం పెట్టని ఏడుగురం

కాంపులో నా పని బొమ్మలు అతికించడం. ఇబ్రహీంపట్నం దాటాక గుట్టల నడుమ సైన్యానికి ఒక చిన్న కాంపు ఉంది. దాని వెనక జవాన్లు తుపాకీ కాల్చడం నేర్చుకునే మైదానాన్ని మేమంతా రేంజి అంటాం. చెక్క చట్రానికి గోనెపట్టా బిగించి, దాని మీద మనిషి బొమ్మ అచ్చేసిన కాగితం అతికించి పంపుతాం. జవాన్లు కాలుస్తారు. చిల్లులు పడ్డ బొమ్మలు తిరిగి మా రేకుల షెడ్డుకే వస్తాయి. ఒక్కో చిల్లు మీద చిన్న కాగితం ముక్క అతికించి, ఎండలో ఆరబెట్టి మళ్లీ పంపుతాం. మైదాపిండిలో కాస్త మైలుతుత్తం కలిపి ఉడికించిన జిగురు వాసన పన్నెండేళ్లుగా నా చేతులను వదల్లేదు.

"సచ్చినోళ్లను మళ్ల లేపుడే మన పని" అనేది మా పెద్దక్క.

ఆమె నా తోడబుట్టింది కాదు. షెడ్డులో మేం ఏడుగురు ఆడవాళ్లం, అందరికంటే పెద్దది కాబట్టి అందరికీ పెద్దక్క. కాంపు వచ్చినప్పుడు వాళ్ల చేను రేంజిలో కలిసింది. దానికి బదులు ఇంటికొక పని అన్నారట, అలా వచ్చింది ఆమె. మిగతావాళ్లం తర్వాత చేరాం. మాకు జీతం ఇచ్చేది సైన్యం కాదు, కాంట్రాక్టరు. అతని తరఫున మా మీద ఒక సూపర్‌వైజరు ఉండేవాడు.

కాల్పులు ఉన్న రోజు గుట్ట మీద ఎర్రజెండా ఎగరేస్తారు. అది చూసి మేకలవాళ్లు అటువైపు పోరు. ఆ ఏడాది వానలు వెనకపట్టాక రెండు వారాలపాటు జెండా ఎగరలేదు. కాల్పుల చప్పుడుకు అలవాటుపడ్డ చెవులకు ఆ నిశ్శబ్దం బాగా అనిపించలేదు. తర్వాత మంచాలు, బీరువాలు ఎక్కించుకుని నాలుగు లారీలు గేటు దాటాయి. కొన్ని కాంపులను ఎత్తేసి వేరేచోట కలుపుతారని పేపర్లో చిన్న వార్త వచ్చిందని గేటు ముందు చాయ్ అమ్మే ఆయన చెప్పాడు. మా కాంపు పేరు అందులో ఉందా అని అడిగితే, "పేర్లు రాయలే. అందుకే అందరికి ఫికర్" అన్నాడు.

ఇంట్లో మా ఆయనకు చెప్పాను. ఆయన అబ్దుల్లాపూర్‌మెట్ దాకా ఆటో నడుపుతాడు, నాలుగు ఊళ్ల కబుర్లు ఆయన దగ్గరే ఉంటాయి.

"కోహెడల పండ్ల మార్కెట్ పెడ్తరంట. గిప్పటి సంది ఎవరినన్న పని అడిగి పెట్టుకో" అన్నాడు.

"పెట్టినంక చూద్దాం. ఇప్పుడైతే నాకు పనున్నది."

"ఉన్నదని నువ్వంటున్నవ్. వాళ్లు అంటలేరు గదా."

తింటున్న ముద్ద కంచంలో పెట్టేశాను. నలభై మూడేళ్ల మనిషిని. నాకు బాగా వచ్చిన పని కాగితానికి పడ్డ చిల్లు కనబడకుండా పూడ్చడం. ఆ పనితనం చూసి పిలిచి పని ఇచ్చేవాళ్లు కాంపు బయట ఎవరుంటారు? కోపం కూడా వచ్చింది. ఉంచేదీ తీసేదీ చెప్పకుండా మనిషిని ఇలా నానబెట్టడం ఏం పద్ధతి అనిపించింది.

ఆ వారంలోనే సూపర్‌వైజరు కాగితాలు పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. మనిషికొకటి, ఇంగ్లీషులో ఉన్నాయి.

"అందరు సంతకాలు పెట్టున్రి. ఆఫీసు కాయితం."

"ఏం రాసున్నది సార్?" అని అడిగాను.

"కాంపు పోయినా మీకు రావాల్సింది వస్తదని."

నేను పదో తరగతి దాకా చదివాను. ఆ ఇంగ్లీషు నాకు పూర్తిగా అర్థం కాలేదు కానీ కింద తేదీ రాయాల్సినచోట ఖాళీ గీత కనిపించింది.

"తారీఖు ఎయ్యలేదేంది?"

"అది నేనేసుకుంట తియ్యి."

నా సంతకానికి ఆయన తేదీ వేసుకోవడం నాకు నచ్చలేదు. ఇంటికి తీసుకెళ్లి రేపు తెస్తానన్నాను. కాగితం బయటికి పోకూడదన్నాడు. నేను దాన్ని మడిచి టిఫిన్ సంచిలో పెట్టుకున్నాను.

"నా పేరున్న కాయితం నాకాడుంటే తప్పేంది సార్?"

ఆయన మిగతా ఆరుగురి వైపు చూశాడు. ఎవరూ పెన్ను అందుకోలేదు.

సాయంత్రం బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణం నడిపే ఆమెకు చూపించాను. ఆమె రెండుసార్లు చదివి నెమ్మదిగా చెప్పింది: "నా ఇష్టంతోనే పని ఇడిసిపెడ్తున్న, నాకు రావాల్సినవన్ని ముట్టినయ్, ఇగ మీద ఏం అడుగ అని రాసున్నదక్కా." ఏడు కాపీలు తీయించి, వెనక తెలుగులో ఆ మాటలు రాయించాను.

పొద్దున జిగురు ఉడుకుతుండగా అందరికీ చదివి వినిపించాను. మాలో ఒకామె భర్త చనిపోయి ఒంటరిగా బతుకుతోంది. "పెట్టకుంటే రేపే తీసేస్తడు" అని భయపడింది. ఆ భయం నాకూ ఉంది.

"తియ్యనీ. ఆయన తీసేసిండని చెప్పుకుందాం. మనమే ఇడిసిపెట్టినమని ఎందుకు రాసియ్యాలె?" అన్నాను.

సూపర్‌వైజరు వచ్చినప్పుడు పెద్దక్క లేచి నిలబడింది. "ఈ రేంజి నా చేన్ల పెట్టిన్రు. నా ఇష్టంతోని పోతున్ననని నీకెప్పుడు చెప్పిన?" అని అడిగింది. ఆయన మా గేటు పాసులు అడిగి తీసుకుని, సంతకం పెట్టినవాళ్లే లోపలికి రావాలని చెప్పి పోయాడు.

మర్నాడు రోజూ వచ్చే వేళకే, టిఫిన్లు పట్టుకుని ఏడుగురం గేటు దగ్గరికి వచ్చాం. పాసు లేకుండా పంపనన్నాడు పహరా జవాను. అతని తప్పు కాదది. గేటు దగ్గర వచ్చిపోయేవాళ్ల పేర్లు రాసే రిజిస్టరు ఉంటుంది. నేను దాన్ని చూపించాను.

"పంపకపోతే పంపకు తమ్మీ. మేం వచ్చినమని మాత్రం రాయి. టైము గూడ రాయి."

అతనికి నా మాటలో తప్పేమీ కనబడకపోయేసరికి రాశాడు. గేటు ముందు కూర్చోవద్దంటే రోడ్డుకు అవతల నిలబడ్డాం. నాదర్‌గుల్ వైపు నుంచి లేచిన చిన్న శిక్షణ విమానం మా మీదుగా ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టుకుంటూ పగలంతా గడిపాం. రెండో రోజు కూడా అంతే. ఆ రోజు మా ఆయన ఆటో ఆపి, ఇంటికి పోదాం రమ్మన్నాడు. రానన్నాను. తన నీళ్ల సీసా నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

మూడో రోజు రిజిస్టరు తనిఖీకి సుబేదారు వచ్చాడు. ఉత్తరాది మనిషి, పెద్ద మీసాలు. మూడు రోజులూ అవే ఏడు పేర్లు, పక్కన 'లోపలికి పంపలేదు' అని చూసి రోడ్డు దాటి మా దగ్గరికే వచ్చాడు.

"క్యా బాత్ హై?" అన్నాడు.

నాకొచ్చిన హిందీలో మొత్తం చెప్పి కాగితం చూపించాను. చదువుతుంటే ఆయన ముఖం బిగుసుకుంది. ఇది తమ ఆఫీసు ఇచ్చింది కాదన్నాడు. సోమవారం వేరేచోటి నుంచి జవాన్లు కాల్పులకు వస్తున్నారు, షెడ్డులో ఒక్క బొమ్మా తయారుగా లేదు, ఎందుకని అడిగితే పనివాళ్లు రావడం లేదని సూపర్‌వైజరు చెప్పాడట.

"రాకపోవడమేంది సాబ్, రిజిస్టర్ల ఉన్నం గదా" అంది పెద్దక్క తెలుగులోనే. ఆయనకు అర్థమైంది.

కాంపు మూస్తారా సాబ్ అని అడిగాను. "నాకూ తెలియదమ్మా. నన్ను ఎక్కడికి పంపుతారో అని నేనూ ఎదురుచూస్తున్నా" అని హిందీలో చెప్పి, సూపర్‌వైజరును పిలిపించాడు.

సుబేదారు ముందే సూపర్‌వైజరుకు మా షరతు చెప్పాను. కాగితం తెలుగులో ఉండాలి. పని ఉన్నన్నాళ్లు ఎవరినీ తీసేయబోమనీ, మూసేటట్టయితే ముందుగా చెప్పి, రావాల్సింది ఇస్తామనీ రాయాలి. తేదీ మా ముందే వేయాలి. సూపర్‌వైజరు పళ్లు బిగించి తన చేత్తోనే రాశాడు. దాని మీద సంతకం పెట్టి కాపీ తీసుకున్నాం. రిజిస్టరు చూపించి ఆ మూడు రోజుల హాజరు కూడా వేయించుకున్నాం. తర్వాత కొంగులు బిగించి జిగురు పొయ్యి ముట్టించాం. ఆదివారం కూడా పని చేసి బొమ్మలన్నీ సిద్ధం చేశాం.

సుబేదారుకు చలికాలంలో బదిలీ అయింది. ఒక దళం పూర్తిగా వెళ్లిపోయింది, సగం బ్యారకులకు తాళాలున్నాయి. రేంజి మాత్రం నడుస్తోంది. మోకాళ్ల నొప్పులతో పెద్దక్క పని మానేసింది. ఆరుగురం మిగిలాం. కాంపు ఉంటుందో పోతుందో నాకు ఇప్పటికీ తెలియదు. భయం పోయిందని చెబితే అబద్ధమే.

కానీ ఊరికే కూర్చోలేదు. పోయిన నెల సెలవు రోజు చూసుకుని ఆరుగురం బస్సెక్కి కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లాం. కాంపు మూస్తే మాలాంటివాళ్లకు ఏమేం రావాలో చెప్పమని అడిగాం. అక్కడి గుమాస్తా తలెత్తి చూశాడు.

"ఇంక మూయలేదు గదా. అప్పుడే ఎందుకొచ్చిన్రు?"

"మూసినంక అడగనీకి మమ్ములను కాంపు లోపలికి ఎవరు రానిస్తరు సార్? అందుకే ఇప్పుడొచ్చినం" అన్నాను.

ఆయన కుర్చీలు చూపించాడు. కూర్చుని నోటుపుస్తకం తెరిచాను. అర్థం కానిచోటల్లా ఆపి, మళ్లీ చెప్పమని అడిగాను. ఆయన చెప్పిందంతా రాసుకునేసరికి మధ్యాహ్నం దాటింది.