రొయ్యల నూడుల్స్ కోసం ఆగిన ఆదివారం

నా చిన్నప్పుడు చర్చి నుంచి ఇంటికి నడిచి రావడం నాకు చేతనయ్యేది కాదు, పరుగే. ఆ ఆదివారమైతే చెప్పులు చేత్తో పట్టుకుని మరీ పరుగెత్తాను. పక్కింటి అక్క మా ఇంట్లో రొయ్యలతో నూడుల్స్ చేస్తానని మాటిచ్చింది మరి. పటాన్‌చెరులో మేముండే గల్లీలో అప్పటికి ఎవరూ దాని రుచి ఎరగరు. అక్క వాళ్ళ నాన్న సికింద్రాబాద్‌లో చైనా వంటలు చేసే ఒక హోటల్లో వంటవాడు. ఆ విద్య ఆమెకు పుట్టింట్లోనే అబ్బింది.

నిజానికి ఆ వంట మా బాపు కోసం. బొల్లారంలో మందుల ఫ్యాక్టరీలో చేరినప్పటి నుంచి ఆయన తిండి తగ్గిపోయింది. అక్కడి ఘాటు ముక్కులోనే ఉండిపోతున్నదని చెప్పి, ఏం పెట్టినా రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేవాడు. చొక్కాలన్నీ వదులైపోయాయి. అమ్మకు దిగులు పట్టుకుంది, నాకేమో భయం పట్టుకుంది. మనిషి ఇట్లాగే చిక్కిపోతే ఏమవుతాడని ఆమెను అడిగే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

ఆదివారాలూ డ్యూటీయే. ఫస్ట్ షిఫ్టు దిగి, కంపెనీ బస్సులో బాపు వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటేది. అప్పటికి మేం తినేసేవాళ్ళం. ఆయన వాటా అందరికంటే ముందు తీసి, మంచి ముక్కలన్నీ అందులో వేసి, మూత పెట్టి ఉంచేది అమ్మ. మా ఇళ్ళలో అదే రివాజు, అదే మర్యాద.

ఆ ఆదివారమూ అదే చేసింది. అక్క కడాయి దించీ దించగానే సగం రొయ్యలు బాపు గిన్నెలోకి వెళ్ళాయి. మేం మాత్రం పొగలు కక్కుతుండగా తిన్నాం. సోయా సాసు సీసా చూసి, ఇది బండ్లలో పోసే నూనెలాగుందే అని మూతి తిప్పుకున్న అమ్మ కూడా మళ్ళీ పెట్టించుకుంది. బాపు వచ్చి మూత తీసేసరికి నూడుల్స్ ఒకటే ముద్ద. రొయ్యలు రబ్బరులా సాగాయి. బాపు మంచిగున్నదన్నాడు, రెండు ముద్దలు తిన్నాడు, లేచాడు. అమ్మ ఆ గిన్నె కడుగుతూ కళ్ళు తుడుచుకుంది.

మరుసటి ఆదివారం అక్క మళ్ళీ వచ్చింది. క్యాబేజీ, క్యారెట్, ఉల్లికాడలు సన్నగా తరిగి దేనికదే పళ్ళెంలో పెట్టింది. రొయ్యలు ఒలిచి, మిరియాల పొడి పట్టించింది. నూడుల్స్ కాస్త పలుకుండగానే వార్చి, నూనె రాసి ఆరబెట్టింది. అంతా అయ్యాక కొంగు దులుపుకుని గడప మీద కూర్చుంది.

"పొయ్యి ఇప్పుడే ముట్టియ్య వదినె. అన్న రావాలె."

అమ్మకు కోపం వచ్చింది. పిల్లలను మాడుస్తావా అని సాధించింది. చల్లారితే ఇది పనికిరాదని నీకూ తెలిసిందిగా అంది అక్క. ఒకటైంది, రెండైంది. తమ్ముడు నేల మీద పడి దొర్లాడు. ఆకలికి నా కడుపు గోల పెడుతున్నది, అయినా ఆ తరిగిన ముక్కల చుట్టూ తిరగడంలోనే ఏదో పండుగలా ఉంది. బస్సు చప్పుడు వినిపించగానే నేనూ తమ్ముడూ రోడ్డు దాకా ఉరికి, బాపును చెరో చెయ్యీ పట్టి లాక్కొచ్చాం. ఎవరికేమైందని ఆయన పరేషాన్ అయ్యాడు. ఇంకా ఎవ్వరం తినలేదని చెబితే, చెయ్యి విడిపించుకుని మా కంటే ముందు నడిచాడు.

అప్పుడు ముట్టించింది అక్క పంపు స్టవ్వు. అది బుస్సుమని లేచింది. కడాయి పొగ వచ్చేదాకా కాలింది. వెల్లుల్లి పడింది, రొయ్యలు పడి ఎర్రబారాయి, వెంటనే బయటికొచ్చాయి. కూరగాయలు, నూడుల్స్, సాసు, మళ్ళీ రొయ్యలు. అన్నీ చేతికి అందేటట్టు పెట్టుకుంది కాబట్టి ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. బాపు స్నానం సంగతి మరిచి వంటింటి గుమ్మంలో నిలబడి చూశాడు. అందరం నేల మీద గుండ్రంగా కూర్చున్నాం. తమ్ముడి నోట్లోంచి నూడుల్స్ వేలాడుతుంటే బాపు నవ్వాడు, నవ్వుతూనే పళ్ళెం ఖాళీ చేసి మళ్ళీ అమ్మ ముందుకు చాపాడు.

"అందరితోని కూసోని తినక ఎన్ని దినాలాయె," అన్నాడు.

అమ్మ గరిటె నిండా తీసి ఆయన పళ్ళెంలో వేసింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆదివారం భోజనం మూడు దాటాకే.

పెళ్ళై, నేనే వంట చేసుకునే రోజుల్లో అక్కను ఒకసారి అడిగాను. మాకు ముందే వండి పెట్టి, బాపు వాటా ఒక్కటీ ఆయన వచ్చాక వేడిగా చేసి ఉండొచ్చు కదా అని.

"చేసియ్యొచ్చు. గని మీరంత కడుపు నిండి కూసుంటె అన్న ఒక్కడే తినాలె గద. ఒక్కడే తిననీకి ఎవరికి మనసొప్పుతది?"

ఇప్పుడు మేం అమీన్‌పూర్‌లో ఉంటున్నాం. మా కోడలు ఆఫీసు నుంచి వచ్చేసరికి శనివారాల్లో మధ్యాహ్నం జారిపోతుంది. అత్తమ్మా, మీరు తినేయండి అని ఫోన్లో పోరుతుంది. సరే బిడ్డా అంటాను గానీ, తినను. గుమ్మంలో ఆమె అలసిన ముఖం కనిపించగానే, "జల్దీ రా, ఆకలైతున్నది," అంటాను. కసురుకుంటూనే గబగబా చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంటుంది.