పెట్టెలో వచ్చినవాడి బొమ్మ

నేను అనకాపల్లిలో ఓ ప్రైవేటు స్కూల్లో డ్రాయింగు చెబుతాను. గుజరాత్ బోట్లలో వేటకెళ్ళి, సరిహద్దు దాటారని పరాయిదేశం జైల్లో పడ్డ మత్స్యకారుల మీద ఈమధ్య ఒక డాక్యుమెంటరీ చూశాను. మా అన్నయ్య అలాంటి జైలు నుంచే వచ్చాడు. వచ్చినప్పటి నుంచీ మా ఇంట్లోనే ఉంటున్నాడు గానీ, అక్కడి సంగతి ఒక్కటీ నోరు విప్పి చెప్పలేదు. నాకు ఒళ్ళు మండేది. అడిగి అడిగి విసిగిపోయి, ఆ సినిమాలో చూసినవాటినే బొమ్మలు గీయడం మొదలుపెట్టాను. వరసగా గొంతుక్కూర్చున్న మగవాళ్ళు, కిటికీ ఊచలకు ఆరేసిన లుంగీలు.

అవి చూసి అన్నయ్య కదిలాడు. "ఇంత కాళీ ఉండదే. మనుసుల్ని ఇంకా ఇరికించు," అన్నాడు. ఆ ఒక్కమాటకే పొంగిపోయాను. ఇక దారిలో పడ్డాడనుకున్నాను, పిచ్చిదాన్ని.

ఈ సంగతి సముద్రం ఒడ్డున మా సొంతూళ్ళో చేపలమ్ముకునే అత్త చెవిన పడింది. ఆవిడ కొడుకు అన్నయ్యతోపాటే పట్టుబడి, ఆ జైల్లోనే పోయాడు. శవం పెట్టెలో వచ్చింది, తెరవనివ్వలేదు. ఇప్పుడు సంవత్సరీకం దగ్గరపడింది. ఆ రోజు పోయినవాడి ఫొటో ముందు కొత్తబట్టలు, చేపల పులుసు, వాడికిష్టమైన చుట్ట, సారా పెట్టడం మావాళ్ళ ఆచారం. వాడి కార్డులూ ఫోనూ బోటుతోపాటే పోయాయి. ఆవిడ దగ్గరున్నది వాడి చిన్నప్పుడు బళ్ళో తీసిన ఫొటో ఒక్కటే.

"నిక్కరేసుకున్న గుంటడి ముందు సారా సీసా ఎలాగెట్టనే? ఆకర్న ఎలాగున్నాడో మీ అన్న సూసేడు కదా. ఆడు సెప్తాడు, నువ్వు గీసెయ్యి," అంది నాతో, మా ఇంటికొచ్చి.

అన్నయ్య తడుముకోకుండా చెప్పాడు. బుగ్గలు లోపలికి పోవాలన్నాడు, నుదుటి మీద జుట్టు పలచబడాలన్నాడు, కళ్ళ కింద నలుపు ఇంకా పెంచమన్నాడు. నేను కాగితం మీంచి తలెత్తకుండా గీశాను. చాలా బాగా వచ్చిందని మనసులో మురిసిపోయాను కూడా.

అత్త బొమ్మ చేతిలోకి తీసుకుని ఎంతసేపో చూసింది.

"ఈడు నా కొడుకు కాదురా," అంది అన్నయ్యతో. "రైలు దిగిన్నాడు నువ్వే ఇలాగున్నావు."

అన్నయ్య తల దించుకున్నాడు. "ఆడి మొకం రాట్లేదత్తా. పక్కపక్కనే పడుకునీవోళ్ళం. ఎంత తల్సుకున్నా ఇదే వత్తంది. అక్కడ అందరిదీ ఇదే మొకం."

వాడికి పులుసన్నం పెట్టడానికి తల్లికి ఒక ముఖం కావాలి. అది ఆ పెట్టెతోనే మట్టిలో కలిసిపోయింది.

"ఇదే పట్టుకెళ్ళిపో అత్తా," అన్నాడు అన్నయ్య మెల్లగా. "దీని ముందే ఎట్టెయ్యి."

బతికున్నవాడి బొమ్మకు సంవత్సరీకం పెట్టడమా! ఆవిడ ఉలిక్కిపడి కాగితాన్ని పరపరా చింపేసింది. అన్నయ్య చెంపలు రెండు చేతులతో పట్టుకుని కుదిపింది.

"నోర్ముయ్యిరా ఎదవా! నువ్వు బతికున్నోడివిరా!"

అది నిజమేనా అన్నట్టు అన్నయ్య నావైపు చూశాడు. నేను వంగి, నేల మీద పడ్డ ఆ ముఖం ముక్కల్ని ఏరడం మొదలుపెట్టాను.