ఏడో తరగతి మింగిన శిలాచక్రం

ఆ రోజుల్లో పాఠం చెప్పడానికి నల్లబల్ల, సుద్దముక్క, గట్టి గొంతు ఉంటే చాలనేవాళ్లు. నా దగ్గర గొంతొక్కటే గట్టిది. అయినా శిలాచక్రాన్ని జిల్లా మొత్తానికీ మొదటిసారి బెల్లంతో బోధించిన ఘనుణ్ణి నేనే. (జిల్లా సంగతి నాకు తెలియదు. మా బడిలో నేనే.) చౌడేపల్లె దగ్గరి ఓ పల్లెలో తాత్కాలిక అయ్యవారిగా చేరిన కొత్త. హెడ్మాస్టరు పిలిచి, "సూడప్పా, రేపు ఇన్‌స్పెక్టరు నీ పాఠమే ఇంటాడంట. మెచ్చినాడా, ఇంకో సంవత్సరం ఉంటావు. లేదా, మదనపల్లె బస్సు యాడ నిలస్తాదో నీకు తెలుసు" అన్నాడు.

పిల్లల్ని రాళ్లు తెమ్మంటే అందరూ ఒకే రకం గుట్టరాళ్లు తెచ్చారు. "ఇదేం శిల సార్?" "అగ్నిశిల." "ఇది?" "అదీ అంతే." "మరి మిగతా రెండు రకాలూ యాడుండాయి సార్?" అంది ప్రశ్నలమ్మ. (ఏం చెప్పినా ఎదురు ప్రశ్న వేస్తుందని ఆ పిల్లకు నేను పెట్టిన పేరు.) సాయంత్రం చెరుకు గానుగ వైపు నడిచాను. పెనంలో కుతకుతలాడే పాకం చూడగానే చటుక్కున తట్టింది. ఇది శిలాద్రవం! చల్లారి గడ్డకడితే అగ్నిశిల. ఆ గడ్డను పొడికొట్టి, నువ్వులతో పొరలుపొరలుగా అదిమితే అవక్షేప శిల. దాన్ని వేడిచేసి గట్టిగా నొక్కితే రూపాంతర శిల. కరిగిస్తే మళ్లీ మొదటికే.

మరునాడు మూడూ చేసి చూపించి, పళ్లెంలో పెట్టి, ఇన్‌స్పెక్టరుకు ఎదురుపోయాను. తిరిగొచ్చేసరికి పళ్లెంలో చీమలు మాత్రమే ఉన్నాయి. (పిల్లల్ని దొంగలనుకోకండి. తలా కాస్త నాకించి రుచి మరిగించింది నేనే. అగ్నిశిలలో సగం అంతకుముందే నా పొట్టలో ఉంది.)

"ఏదప్పా, రూపాంతర శిల చూపించు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. నా చెవిలో మదనపల్లె బస్సు హారను మోగింది. అంతలో ప్రశ్నలమ్మ మూతి తుడుచుకుంటూ లేచింది.

"మా కడుపులో ఉండాది సార్."

"కడుపులోనా?"

"నేను తినింది నువ్వుల పొరలుండే అవక్షేప శిల సార్. కడుపులో వేడి ఉండాది. దానిమీద సంగటి తింటి, ఒత్తిడీ ఉండాది. ఈపాటికి రూపం మారిపోయుంటాది."

"ఆ తర్వాత?"

"తెల్లారి చెరుకుతోటలోకి పోతాం గదా సార్..."

"కూసోమ్మా!" అని హెడ్మాస్టరు కేక. సగం కూర్చుంటూనే ముగించింది: "మళ్లా చెరుకై వస్తాది సార్. చక్రం గదా!"

ఇన్‌స్పెక్టరు లేచి నన్ను కౌగిలించుకున్నాడు. (లేదు లెండి. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకోవడానికి నా చేతిగుడ్డ అడిగాడు. అదీ బెల్లం బంకే.) ఉద్యోగం మాత్రం నిలిచింది.

ప్రశ్నలమ్మ ఇప్పుడు కుప్పంలో సైన్సు టీచరు. పోయిన నెల "శిలాచక్రం పాఠం ఉండాది, రాండి సార్" అంటే పుంగనూరు నుంచి బస్సెక్కి పోయాను. నాకు చక్కెర జబ్బు, బెల్లం మొహం చూసి ఏళ్లయింది. బల్లమీద మూడు శిలలూ నిగనిగలాడుతున్నాయి. ఆమె బోర్డు మీద రాసి ఇటు తిరిగేసరికి రెండే ఉన్నాయి.

"అగ్నిశిల యాడప్పా?" అని పిల్లల్ని గద్దించింది. తరగతంతా ఉబ్బిన నా బుగ్గ వైపు చూసింది. ఈ వయసులో బెంచీ ఎక్కిస్తుందేమోనని నోరు తెరవకుండా కడుపు వైపు వేలు చూపించాను.

ప్రశ్నలమ్మ నన్ను ఒక క్షణం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పిల్లల వైపు తిరిగింది.

"రాసుకోండప్పా. అగ్నిశిల రూపం మారతాండాది."