రేపల్లె బండి వచ్చాక

నా చిన్నప్పుడు మా తాతయ్య గడియారం తప్పు చూపిస్తుందని తెనాలిలో ఎవరూ అనేవారు కాదు. ఆయన అక్కడొక కాలేజీలో హెడ్ గుమస్తా. పరీక్ష దరఖాస్తులు తీసుకునే కిటికీని పదకొండు కొట్టగానే మూయించేవారు. రేపల్లె వైపు నుంచి వచ్చే పిల్లలు రోజూ ఆలస్యమేనని, వాళ్ళకు టైమంటే లెక్క లేదని ఇంట్లో విసుక్కునేవారు.

ఒక శనివారం, రేపల్లె అవతలి పెనుమూడి నుంచి వచ్చి చదువుకునే అక్క ఒకామె స్టేషనుకు వెళ్తూ మా అరుగు దగ్గర ఆగింది. రెండు రోజులుగా ఆమెను కిటికీ దగ్గర నుంచి తిప్పి పంపుతున్నారు. సోమవారంతో గడువు అయిపోతుంది. ఈ ఏడు పరీక్ష తప్పితే ఇంట్లో చదువు మాన్పిస్తారు. దరఖాస్తు ఇక్కడే తీసుకోమని ఆమె అడగలేదు. ఒక్కటే అంది: "ఒకసారి మా బండెక్కి రండి సార్. తర్వాత మీరేమన్నా పడతాను."

మర్నాడు తాతయ్య నన్ను వెంటబెట్టుకుని రేపల్లెలో మా పిన్ని ఇంటికి వెళ్ళారు. సోమవారం పొద్దున అక్కడి నుంచి బయల్దేరే మొదటి బండెక్కాం. అక్క పెనుమూడి నుంచి నడిచి వచ్చింది. చీర అంచుకు ఇంకా బురద ఉంది. బొగ్గు నలుసులు కంట్లో పడుతున్నా నేను కిటికీ వదల్లేదు.

వేమూరులో బండి ఆగిపోయింది. ఎదురు బండి రావాలట. తాతయ్య గడియారం చూసుకున్నారు. కాసేపాగి మళ్ళీ చూసుకున్నారు.

"రోజూ ఇంతేనా?"

"ఇవాళ నయమండి. మీరెక్కారని తెలిసిందేమో" అన్నాడు ఎదుటి బల్ల మీది కుర్రాడు. పెట్టెలో అందరూ నవ్వారు. తాతయ్య కూడా నవ్వారు.

తెనాలిలో దిగగానే పిల్లలంతా పరుగందుకున్నారు. అక్క నా చెయ్యి పట్టుకుంది. రిక్షాల మధ్య నుంచి, సైకిళ్ళ పక్క నుంచి పరిగెత్తాం. అంత సంతోషంగా నేను మళ్ళీ ఎప్పుడూ పరిగెత్తలేదు. గెలిచేస్తాం అనుకున్నాను. మేము వరండా మెట్లెక్కుతుండగా కిటికీ తలుపు మూసుకుంది.

"టైమైపోయిందమ్మా, రేపు రండి" అంది లోపలి గొంతు.

"రేపటికి గడువుండదండి" అంది అక్క.

తాతయ్య రొప్పుతూ వచ్చి తలుపు తట్టారు. "రేపు రమ్మన్నానా" అంటూ తలుపు తీసిన గుమస్తా ఆయన్ని చూసి బిగుసుకుపోయాడు.

"కూర్చోవయ్యా. నేను చెప్పిందే నువ్వు చేశావు. రేపు మాత్రం వీళ్ళొచ్చేది ఈ బండికే కదా" అన్నారు తాతయ్య. లోపలికెళ్ళి, బండి దిగిన వాళ్ళందరి దరఖాస్తులూ తనే తీసుకున్నారు. మొదటిది అక్కది.

మర్నాటి నుంచి ఆ కిటికీ పైన తాతయ్య చేతిరాతతో ఒక అట్ట వేలాడింది: 'రేపల్లె బండి వచ్చాక గంటసేపు తెరిచి ఉంచబడును.'

తాతయ్య పోయి చాలా ఏళ్ళైంది. పోయిన నెలలో అక్కా పోయింది. చెయ్యి పట్టుకుని మేమిద్దరం తీసిన ఆ పరుగు తెలిసినదాన్ని ఇక నేనొక్కదాన్నే. పెద్దయ్యాక నేనూ ఒక యూనివర్సిటీ ఆఫీసులో అలాంటి కిటికీ వెనకే కూర్చున్నాను. ఆలస్యంగా వచ్చిన పిల్లలు కంగారుగా ఏదో చెప్పబోయేవారు. గడియారం చూసే ముందు నేను ఒకటి అడిగేదాన్ని.

"ఏ బండికొచ్చావమ్మా?"