ముత్తులక్ష్మి రాసిన ఒక్క మాట

పదవీ విరమణకు మూడేళ్ళ ముందు, జూన్ నెలలో, నన్ను విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి దగ్గర కళుగుమలై దారిలో ఉన్న ఉన్నత పాఠశాలకు బదిలీ చేశారు. హోదా బి.టి. అసిస్టెంట్, అంటే పై తరగతులకు పాఠం చెప్పే పట్టభద్ర ఉపాధ్యాయుడు. సబ్జెక్టు ఇంగ్లీషు. రోజూ రైల్లో వెళ్ళి వచ్చేవాణ్ణి.

ఆ ఏడు తొమ్మిదో తరగతి చేత పాఠ్యపుస్తకం కాక, కవితల్లో నడిచే ఒక నవల చదివించాను. పేజీకో చిన్న కవిత. అన్నీ కలిస్తే ఒక అమ్మాయి కథ. పేజీలో సగం తెల్లగానే ఉంటుంది. లావు పుస్తకం చూస్తే జడుసుకునే పిల్లలు దీన్ని ఇట్టే అందుకున్నారు. రోజుకు నాలుగు పేజీలు పైకి చదవాలి, వెంటనే స్పందన నోట్సులో తోచింది రాయాలి. ఏ భాషలో తోస్తే ఆ భాషలో. ఇంగ్లీషు సంగతి తర్వాత. నేను దిద్దేది పెన్సిల్‌తోనే. ఎర్రసిరా చూస్తే పిల్లలు ముడుచుకుపోతారు.

తమిళనాడే అయినా, తరగతిలో సగం మందివి నాలాగే తెలుగు ఇళ్ళు. మా తెలుగు మాట్లాడేదే కానీ రాసేది కాదు. రాయాల్సి వస్తే తమిళ అక్షరాలే గతి. ఎవరెలా రాసినా నేను చదవగలనని పిల్లల ముందు గొప్పలు పోయాను.

అలా రాసేవాళ్ళలో ముత్తులక్ష్మి ఒకతె. తల్లి అగ్గిపెట్టెల యూనిట్‌లో కూలి. మా అమ్మ పోయాక నేను ఎక్కడా వినని మాటలు ఆ పిల్ల నోట్సులో దొరికేవి. తిరుగు రైల్లో ముందు దాన్నే తీసేవాణ్ణి.

విరుదునగర్‌లో చుట్టుపక్కల బడులకు పఠన పోటీ పెట్టారు. బడికి ఒక్కరే. ముత్తులక్ష్మికి వెళ్ళాలని ఎంత ఆశో తరగతి మొత్తానికీ తెలుసు. ఎంపికకు ఒకటే ప్రశ్న ఇచ్చాను: కవితలో పంక్తుల మధ్య వదిలిన తెల్లచోటులో ఏముంది? ఆమె ఒక్క మాట రాసింది, 'కాలి' అని. తమిళంలో దానికి అర్థం ఖాళీ. ఇదేం పొగరనుకున్నాను. అసలే నాకు కోపం ముక్కుమీద ఉంటుంది. పెన్సిల్ పక్కన పెట్టి ఎర్రపెన్నుతో కొట్టేసి, 'ఖాళీయా?' అని రాశాను. హెడ్మాస్టరు సంతకంతో వేరే పిల్ల పేరు వెళ్ళింది. మర్నాటి నుంచి ముత్తులక్ష్మి ఇంగ్లీషులోనే రాయసాగింది. దారికొచ్చిందని సంతోషించాను కూడా.

పోటీ అయిన వారానికి, తల్లిదండ్రుల సమావేశానికి వాళ్ళమ్మ వచ్చింది. అందరూ వెళ్ళేదాకా ఆగి, ఆ ఎర్రగీత చూపించి, మెల్లిగా అడిగింది.

"అది కాలి లేదు సార్, గాలి. నేను కత చెప్పేటప్పుడు మద్దెలో నిలిపి మూచ్చు ఇడుస్తానే, ఆ గాలినే రాసిండాది. మన బాసే కదా సార్, మీకు తెలీకుండా పోయినాదా?"

మూచ్చు అంటే ఊపిరి. తమిళ లిపిలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. పిల్ల తెలుగులో రాసింది, నేను తమిళంలో చదివాను. తెల్లచోటు ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు ఆ తరగతిలో ఎవరూ రాయలేదు. నేనూ రాసి ఉండేవాణ్ణి కాదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ముత్తులక్ష్మిని పిలిచి, తప్పు నాదేనన్నాను. "పరవాలే సార్" అంది. మళ్ళీ తెలుగులో రాయమని రెండుసార్లు అడిగాను. తలూపింది, రాయలేదు. తప్పుల్లేని ఇంగ్లీషు, గైడు పుస్తకంలోంచి దించినట్టు. ఏడాది చివరిదాకా ఆమె నోట్సు ఆశగా తిప్పి చూసేవాణ్ణి. ఆ తెలుగు కోసం నాకు ఇప్పటికీ మనసు లాగుతుంది.

మిగిలిన రెండేళ్ళూ ఏ నోట్సునైనా రాసిన పిల్లల చేత పైకి చదివించుకున్నాకే దిద్దాను. పని రెట్టింపయింది. వినకుండా దిద్దకూడదన్నది ఈ వృత్తిలో నేను చివరగా నేర్చుకున్న పాఠం. ముత్తులక్ష్మి తర్వాత వచ్చిన పిల్లలకు అది పనికొచ్చింది. ఆమెకు పనికిరాలేదు.