వారసత్వ మాసంలో త్రికోణమితి

పద్మారావు నగర్‌లోని ఒక ప్రైవేటు హైస్కూల్లో నేను పదో తరగతికి లెక్కలు చెప్పేవాణ్ణి. చెప్పేవాణ్ణి అనడం కొంచెం ఎక్కువే. మా బడిలో ఏడాది పొడవునా ఏదో ఒక దినోత్సవం ఉండేది. వాటి మధ్య సందు దొరికితే చెప్పేవాణ్ణి. తెలుగు భాషకొక రోజు, హిందీకొక రోజు, ఓజోన్ పొరకొక రోజు, చేతులు కడుక్కోవడానికొక రోజు. దినోత్సవం ఆదివారం పడితే మామూలు బడులు వదిలేస్తాయి. మేము శనివారం ఒకసారి, సోమవారం ఒకసారి జరిపేవాళ్లం.

మా హెడ్మిస్ట్రెస్ గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవురాలు. చాలా మంచి మనిషి. ఎవరి పండగనూ చిన్నచూపు చూసేవారు కాదు. చిక్కంతా అక్కడే. ఆ ఏడు నవంబరులో వారసత్వ వారోత్సవం వచ్చింది.

"మన సంస్కృతంతా ఒక్క వారంలో ఎక్కడ పడుతుందండీ మాస్టారూ?" అని దాన్ని నెల చేశారు.

ప్రతి ఉత్సవానికీ డాన్సు ఉండాలి. ప్రతి డాన్సుకూ ముందు వరసలో నా క్లాసు పిల్ల ఒకతి ఉండాలి. అడుగు తప్పనిది ఆమె ఒక్కతే మరి. కోలాటం ఆమే, బతుకమ్మ ఆమే, ఓజోన్ పొరా ఆమే. రిహార్సళ్లు సరిగ్గా నా పీరియడ్లో. క్వార్టర్లీలో లెక్కలు తప్పింది.

సీతాఫల్‌మండిలో మిషను కుట్టుకునే వాళ్లమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"సార్, పదోది ఫెయిలైతే చదువు బంద్ అంటున్నడు వాళ్ల నాయన. మేనత్త గాజుల దుకాణంల కూసోబెడ్తడట."

"క్లాసులో ఉంటే నేను గట్టెక్కిస్తానమ్మా."

"క్లాసుల ఉంటలేదా? దినాం బడికి తోలుతున్న గదా!"

"బడిలోనే ఉంటోంది. వారసత్వంలో ఉంటోంది."

హెడ్మిస్ట్రెస్ గదికి బయల్దేరాను. వరండాలో ప్రదర్శన పెట్టారు. అందులో మా ఆయా ఇంటి రోలు మీద 'ప్రాచీన వస్తువు' అని అట్ట అంటించి ఉంది. ఆయా నా వెనకే వచ్చింది.

"నా రోలు సుత ఇప్పియ్యుండ్రి సార్. అది ఈడికొచ్చిన కాడికెల్లి మా ఇంట్ల తొక్కు నూరుడే లేదు."

హెడ్మిస్ట్రెస్ ఇద్దరి గోడూ ఓపిగ్గా విన్నారు. రోలు నెలాఖరుకు వస్తుందన్నారు. నాతో, "డిసెంబర్లో గణిత దినోత్సవం ఉందిగా. ఆ రోజంతా మీదేనండీ" అన్నారు. ఎమ్మెస్సీ చదివినవాణ్ణి కాబట్టి నమ్మాను.

గణిత దినోత్సవం వచ్చింది. షామియానా, మైకు, ముఖ్య అతిథి. పీరియడ్లన్నీ రద్దు. అంకెల డాన్సు. ముందు వరస మధ్యలో సున్నా.

"సున్నా మన వారసత్వం కదండీ!" అన్నారు హెడ్మిస్ట్రెస్.

సున్నా ఎవరో చెప్పనక్కర్లేదు. వెండి కాగితం చుట్టిన పెద్ద చక్రం మెళ్లో వేసుకుని ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది.

"సార్, నేను స్టేజి ఎక్క. గా థీటా ఏందో జెర చెప్పుండ్రి."

ఖాళీ క్లాసుకు వెళ్లాం. చక్రం తలుపులో పట్టలేదు. తీసి బయట పెట్టింది. బోర్డు మీద ఒక గోపురం, దాని నీడ గీశాను. బయట ముఖ్య అతిథి గణితం గొప్పతనం చెబుతున్నారు. గోపురం ఎత్తు తేలేసరికి పిల్ల మొహం విప్పారింది.

"గింతేనా సార్?"

అప్పుడే గుమ్మంలో హెడ్మిస్ట్రెస్.

"మాస్టారూ! గణిత దినోత్సవం పూట ఇక్కడ కూర్చుని లెక్కలు చెబుతున్నారా? అక్కడ డాన్సు ఆగిపోయింది! ముఖ్య అతిథికి నేనేం చెప్పను?"

"సున్నా లెక్క చేసుకుంటోందని చెప్పండి మేడమ్."

ఆవిడ బోర్డు చూశారు, పిల్లను చూశారు, నన్ను మాత్రం చూడలేదు. మెట్లు దిగి వెళ్లి మైకులో అక్షరాలా అదే చెప్పారు. చప్పట్లు మోగాయి.

పిల్ల తలెత్తలేదు. "గా చప్పట్లు అయిపోయేలోపు ఇంకోటి ఇయ్యుండ్రి సార్," అంది.

మార్చిలో ఆమెను అత్తెసరు మార్కులతో గట్టెక్కించింది ఆ పూటే.